తోరు నడుముకు కట్టిన బెల్టు

ఆ ఉదయం ఎసెన్‌కుల్ పెట్టుకున్న పని చిన్నదే. టీ తాగి, చూడి గుర్రం తోరు నడుముకు బెల్టు కట్టి, ఫోన్లో వెబ్‌సైటు తెరిచి నాలుగు గడులు నింపడం. ఆడగుర్రం పడుకునే తీరును బట్టి ఆ బెల్టు ఈనే వేళను పసిగడుతుంది, వెబ్‌సైటు వెంటనే ఫోన్లకు సందేశం పంపుతుంది. తోరు పోయిన తండ్రి పెంచిన గుర్రం. పద్దెనిమిదేళ్ళది. వరసగా రెండు వసంతాలు పక్కన మనిషి లేక పిల్లలు పుట్టీ పుట్టగానే పోయాయి. ఇదే ఆఖరి కాన్పు. ఈ పిల్ల కూడా దక్కకపోతే నాన్న గుర్రం జాతి అంతటితో సరి అని ఎసెన్‌కుల్ కుమిలిపోతున్నాడు.

'ఎంత జాగ్రత్త కావాలి? తక్కువ, మధ్యస్థం, ఎక్కువ' అని అడిగింది వెబ్‌సైటు. రెండు పిల్లల్ని పోగొట్టుకున్నవాడు 'తక్కువ' నొక్కుతాడా? తర్వాతి గడిలో 'ఎవరెవరికి తెలియజేయాలి?' అని ఉంది. కొంప మునిగింది అక్కడే.

"ముందు పెద్దమావయ్య నంబరు పెట్టవయ్యా," అంది భార్య బురుల్, రొట్టె తుంచి బల్లమీద వేస్తూ. "పెద్దాయన ఉండగా కబురు ఇంకొకళ్ళకెళ్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"పెట్టాన్లే."

"పక్కింటి చోరోని మర్చిపోయేవు. విందుకి ఆలస్యంగా పిలిచామని ఆర్నెల్లు మాట్లాడలా!"

"వాడూనా?"

"వాడుండగా వాడి తోడల్లుడుండద్దూ?"

అలా నలభైమూడు నంబర్లయ్యాయి. విందులో కూర్చోబెట్టినట్టు వయసు వరసన ఎక్కించాడు. విందులో ఇంటాయన తన పీట తను వేసుకోడు కదా, తన నంబరు పెట్టుకోవాలని అతనికి తోచనే లేదు.

గంట తిరక్కుండా చోరో కంచె దూకి వచ్చాడు. "సుయున్చు! సుయున్చు!"

మంచి కబురు ముందుగా తెచ్చినవాడు అలాగే అరవాలి. ఏ కానుక కోరినా కాదనకుండా ఇంటాయన "ఇచ్చాను" అనాలి. ఆ తర్వాతే కబురు.

"ఇచ్చాన్రా, చెప్పు!"

"తోరు ఈనుతోంది! టీ కాచే సమోవర్ నాది!"

ఎసెన్‌కుల్ దొడ్లోకి పరిగెత్తాడు. తోరు వీపు దురద తీరేలా మట్టిలో పొర్లి, లేచి, తుమ్మింది.

"ఏదిరా ఈనింది?"

"అది నీ యంత్రాన్నడుగు. కబురు మోసుకొచ్చింది నేను," అన్నాడు చోరో సమోవర్ చంకన పెట్టుకుంటూ. వెనకే వచ్చిన పన్నెండుమంది టీ తాగిగానీ కదల్లేదు.

"ఇకమీదట ఎవరికీ ఇవ్వను," అన్నాడు ఎసెన్‌కుల్.

"అంతమాటనకు! సుయున్చు కాదంటే కడుపులో పిల్లకి అరిష్టం," అని బురుల్ అతని నోరు మూయించింది.

తోరు పడుకుంటే సందేశం, కంచెకు రాసుకుంటే సందేశం. నాలుగు రోజుల్లో రెండు గొర్రెలు, గొర్రెతోలు కోటు, పిండి బస్తా, బురుల్ శాలువా గడప దాటాయి. బెల్టు విప్పేద్దామని చెయ్యి చాచినప్పుడల్లా చచ్చిపోయిన రెండు పిల్లలూ కళ్ళముందు కదిలేవి. చెయ్యి వెనక్కి వచ్చేసేది. తొడుక్కోవడానికి కోటు లేక, విప్పడానికి ధైర్యం లేక, ఆ మనిషి ఏడుపొక్కటే తక్కువగా ఉన్నాడు.

పోనీ జాబితా మారుద్దామంటే, మొదటి నంబరుకు వచ్చే కోడ్ కావాలంది వెబ్‌సైటు. అయిదో రోజు పొద్దున్నే ఆ నంబరు తాలూకు మనిషి, ఏటి అవతల ఉన్న పెద్దనాన్న బైదోలొత్ ఇంటికి పరిగెత్తాడు.

"కుదర్దు," అన్నాడు ముసలాయన. "ఫోన్లో వచ్చే అంకెలు ఎవరికీ చెప్పొద్దని పింఛనాఫీసు పిల్ల ఒట్టేయించుకుంది."

"నేనెవర్ని పెద్దనాన్నా, నీ తమ్ముడి కొడుకుని!"

"మోసగాళ్ళంతా ముందు అలానే అంటార్రా."

అంతలో ముసలాయన ఫోను మోగింది. కళ్ళజోడు వెతికి పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదివి, నిటారుగా కూర్చున్నాడు. "సుయున్చు!"

ఎసెన్‌కుల్‌కు ఒళ్ళు మండిపోయింది. "ఇచ్చాను! ఇంకేం మిగిల్చారు నాకు? తోరు కడుపులో ఉన్నదాన్ని కూడా తీసుకో, పీడా వదుల్తుంది!"

"తీసుకున్నాను," అన్నాడు పెద్దనాన్న గంభీరంగా. "తోరు ఈనుతోందట."

ఇంటికొచ్చేసరికి దొడ్డి నిండా జనం. ఈసారి అబద్ధం కాదు. సమోవర్‌కు జతగా టీ గిన్నెలు కొట్టేద్దామని అందరికంటే ముందు దూకిన చోరో, పిల్ల మూతికి చుట్టుకున్న పొరను గోళ్ళతో చీల్చాడు. ఇంకో నిమిషం ఆలస్యమైతే దానికి ఊపిరి అందేది కాదు. నుదుట తెల్లమచ్చతో, అచ్చం నాన్న గుర్రంలా, వణికే కాళ్ళమీద నిలబడి ఉంది.

"బతికిందయ్యా!" అని బురుల్ ఏడుస్తోంది. ఎసెన్‌కుల్ పిల్ల మెడ కౌగిలించుకుని భోరుమన్నాడు. సంతోషం వల్లనే అనుకున్నారు అందరూ.

మధ్యాహ్నానికి పెద్దనాన్న కొత్త తలుగు పట్టుకుని దిగాడు. పిల్ల పళ్ళూ కాళ్ళూ చూసి, తలుగు దాని మెడకు వేసి, పాలు మరిచేదాకా తల్లి దగ్గరే ఉండనివ్వమని దయగా సెలవిచ్చాడు. తర్వాత ఎవరూ అడక్కుండానే ఫోను తీసి కోడ్ గట్టిగా చదివాడు.

"ఒట్టేం కాను పెద్దనాన్నా?"

"ఇప్పుడు పిల్ల నాది, అంకెలూ నావే. దాని మంచీచెడ్డా చూసేవాడివి, నీకు కబురు తెలియకపోతే ఎలారా?"

సాయంత్రానికి ఎసెన్‌కుల్ నంబరు కూడా జాబితాలో చేరింది, నలభైనాలుగోదిగా.