రిజిస్టరులో పూసిన పువ్వు

దేశవాళీ ఆర్కిడ్ జాతిని అంతరించిపోకుండా కాపాడే చారిత్రక బాధ్యత మా సెక్షన్ మీద పడింది. ఎవరు పడేశారని అడక్కండి. పైనుంచి పడింది. పైనుంచి పడేవాటిని పట్టుకోవడానికే మాకు జీతాలిస్తున్నారు.

"ప్రతి ఉద్యోగియు ఒక మొక్కను తన గృహమునందు కన్నబిడ్డవలె పెంచవలెను" అని సర్క్యులర్ వచ్చింది. యాభై రెండుమందికి తలా ఒక చెక్కపెచ్చు పంచారు. దానికి నారతాడుతో కట్టిన నాలుగు ఆకులు, గాల్లో వేలాడే రెండు వేళ్ళు. ఇది మట్టిలో బతికే మొక్క కాదనీ, అడవిలో చెట్టుకొమ్మ మీద కూర్చుని గాలిలోని తేమ తాగి బతుకుతుందనీ, అలాగని ఆ చెట్టు సొమ్ము ఆవగింజంతయినా తినదనీ మా ఆఫీసరుగారు గంటసేపు ఉపన్యసించారు. ఒకరి నెత్తిన కూర్చుని కూడా వాళ్ళ సొమ్ము తినకుండా ఎలా ఉండగలదో మా సెక్షన్‌లో ఎవరికీ బోధపడలేదు.

మొక్కతోపాటు ఒక రిజిస్టరు కూడా ఇచ్చారు. ప్రతి సోమవారం మొక్క ఎత్తు, ఆకులు, పువ్వులు, వాడిన మట్టి కిలోల్లో రాయాలి. మట్టి గడి ఖాళీగా వదిలితే రిజిస్టరు తిరిగొచ్చింది. "మట్టి లేదు" అని రాస్తే, ఎందుకు లేదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇమ్మని మెమో వచ్చింది. "మూడు కిలోలు" అని రాశాను. ఆ పూటే ఆమోదం వచ్చింది!

అసలు సంగతి వేరే ఉంది. సూపరింటెండెంటు కుర్చీ ఖాళీ అయింది. మొక్కను బాగా పెంచినవాళ్ళకే ఆ కుర్చీ అని ఆఫీసరుగారు నలుగురిలో ప్రకటించారు. పదకొండేళ్ళుగా ఆ కుర్చీ పక్కన నిలబడి ఫైళ్ళు అందించినవాణ్ణి నేను. అందులో కూర్చోవాలన్న కోరిక నాకెంత ఉందో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, ఫరవాలేదు. నాకు పోటీ ఒక్కడే, డిస్పాచి గుమస్తా.

అయితే ఈ మొక్కకి తొందరన్నది లేదు. మొదటి సోమవారం స్కేలు పెట్టి కొలిస్తే తొమ్మిది సెంటీమీటర్లు. నాలుగో సోమవారమూ తొమ్మిదే. "మొక్క ఎదగడం లేదంటే మీలో అంకితభావం లేదన్నమాట" అన్నారు ఆఫీసరుగారు. మర్నాడే నాలో అంకితభావం పుట్టుకొచ్చి, మొక్క పదకొండు సెంటీమీటర్లయింది. డిస్పాచి గుమస్తాది పదమూడయింది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు కదా! ఆరు నెలలు తిరిగేసరికి రిజిస్టర్లలో నాది నలభై ఒకటి, వాడిది నలభై మూడు. వాడు తెల్లపువ్వులు నాలుగు పూయించాడు. నేను ఆరు పూయించాను. చూస్తూ చూస్తూ మిగతావాళ్ళు మాత్రం ఎందుకూరుకుంటారు? నెల తిరక్కుండా యాభై రెండు రిజిస్టర్లూ తెల్లగా పూశాయి.

నేను రిజిస్టరులో పెంచుతుంటే మా ఆవిడ స్నానాలగది కిటికీలో పెంచింది. పొద్దున్నే అక్కడికి లేతెండ వస్తుంది, తడి ఎప్పుడూ ఆరదు. వేళ్ళు తెల్లగా ఎండినట్టుంటే నీళ్ళు చిలకరించేది, పచ్చగా ఉంటే దాని మానాన దాన్ని వదిలేసేది. ఆ మొక్కతో కబుర్లు కూడా చెప్పేది. నాతో చెప్పే కబుర్ల కంటే అవి మెత్తగా ఉండేవని ఒప్పుకోవాలి.

ఇంతలో ఇంటింటి తనిఖీ అన్నారు. రిజిస్టరులో ఉన్న మొక్క ఎవరింట్లోనూ లేదు. కానీ గుమస్తాల బుర్రలు ఇలాంటప్పుడే పాదరసంలా పనిచేస్తాయి. డిస్పాచి గుమస్తా ఒక నర్సరీలో బతిమాలి, నలభై రెండు సెంటీమీటర్ల మొక్కని తెల్లపువ్వులతో సహా ఒక రోజుకి ఎరువు తెచ్చాడు. అటు ఒకటి ఇటు ఒకటి తేడా ఎవరూ పట్టించుకోరని పోటీ పక్కన పెట్టి రాజీపడ్డాం. ఆఫీసరుగారు ఒక ఇంట్లో చూసి, కాఫీ తాగి, జీపెక్కేలోపల మొక్క స్కూటరు మీద దొడ్డిదారిన తర్వాతి ఇంటికి చేరిపోవాలి. మొత్తం యాభై రెండు కాఫీలు తాగలేరు కనక నాలుగిళ్ళే చూస్తారని ముందే తెలిసింది. నాది నాలుగోది.

ఆ రోజు పొద్దున్న మా ఆవిడ కేకేసింది. వెళ్ళి చూద్దును కదా, స్నానాలగది కిటికీలో మొక్క పూసింది! నిజంగా పూసింది. మూడు పువ్వులు, తేనెరంగు రేకులు, మధ్యలో ఊదారంగు నాలుక. గదంతా సన్నటి పరిమళం. అబద్ధమెందుకు, నా కళ్ళు చెమర్చాయి. మరుక్షణం ఒళ్ళంతా చెమర్చింది. రిజిస్టరు ప్రకారం నా మొక్క మొన్ననే పూసి కూర్చుంది, అదీ తెల్లగా. ఇప్పుడు తేనెరంగులో పూస్తే నా కుర్చీ గతేమిటి?

"తలుపు వేసెయ్" అన్నాను.

"పూసినదాన్ని దాచి, ఎరువు తెచ్చినదాన్ని చూపిస్తారా?" అంది.

నేనే వెళ్ళి తలుపు వేసొచ్చాను.

పదకొండింటికి స్కూటరొచ్చింది, పదకొండుంబావుకి జీపొచ్చింది. హాల్లో బల్ల మీది మొక్కని చూసి ఆఫీసరుగారు తలాడించి, రిజిస్టరులో సంతకం చేసి, నాలుగో కాఫీ తాగారు. నాలుగు కాఫీల తర్వాత ఎంతటి అధికారికైనా ఒక అవసరం కలుగుతుంది. నేను అడ్డుపడేలోగా ఆయనే లేచి స్నానాలగది తలుపు తీశారు.

చాలాసేపు బయటికి రాలేదు. నా పదకొండేళ్ళూ ఆ తలుపు వెనక నీరుగారిపోతున్నాయనుకున్నాను. చివరికి ఆయన గొంతు తగ్గించి పిలిచారు.

"హాల్లో ఉన్న మొక్కని పొద్దున్నుంచి నాలుగిళ్ళల్లో చూశానయ్యా. దానికేం, బాగానే ఉంది. ఇది మాత్రం ఎవరికీ చూపించకు. యాభై రెండూ తెల్లగా పూశాయని పైకి నివేదిక పంపేశాను. ఒక్కటి తేనెరంగని తేలితే మిగతా యాభై ఒకటీ చిక్కుల్లో పడతాయి."

చిత్తమన్నాను.

"ఇంకో మాట. ఆ స్కూటరు మొక్కని నాలుగింటికల్లా మా ఇంటికి పంపించు. ఐదింటికి డైరెక్టరుగారు నా మొక్క చూడ్డానికి వస్తున్నారు."

గుమ్మం దగ్గర మా ఆవిడ కనబడగానే ఆయన కాస్త సిగ్గుపడ్డారు. "అమ్మా, నాది రెండో నెల్లోనే చచ్చిపోయింది. ఎన్ని పుస్తకాలు చదివినా లాభం లేకపోయింది. మీరు దీనికి ఏం చేశారు?"

"ఏం చెయ్యలేదండీ" అంది మా ఆవిడ. "కొలవలేదు."

ఆయన ఆ మాటని చాలా గంభీరంగా డైరీలో రాసుకుని వెళ్ళిపోయారు.

నెల తిరిగేసరికి నాకు సూపరింటెండెంటు కుర్చీ వచ్చింది. కూర్చున్న మొదటి రోజే నా చేతుల మీదుగా యాభై రెండు ప్రతుల్లో ఒక కొత్త సర్క్యులర్ బయటికెళ్ళింది. "నిపుణుల సూచన మేరకు ఇకమీదట మొక్కలను ఎవరును కొలవరాదు. కొలవలేదని ప్రతి సోమవారము ధ్రువీకరణ పత్రము సమర్పించవలెను. ఎన్ని సెంటీమీటర్ల మేరకు కొలవలేదో అందులో స్పష్టముగా పేర్కొనవలెను."

నేను నలభై ఐదని వేశాను. డిస్పాచి గుమస్తా నలభై ఏడని వేశాడు.