మాస్టారి షెల్ఫు, టీచరమ్మ పియానో

ఆ ఆదివారం పొద్దున రుజువు మాస్టారి కార్యక్రమం చాలా చిన్నది. కాఫీ తాగాలి, పేపరు చదవాలి, ఆ పేపర్లో తప్పులు పట్టాలి. ఆయన కాలేజీలో ఫిజిక్సు చెబుతారు. ఎవరేం చెప్పినా "రుజువేది?" అంటారని పిల్లలు ఆ పేరు పెట్టారు. వాళ్ళు ఎగతాళికి పెట్టారు గానీ, మాస్టారు దాన్ని బిరుదులాగే పుచ్చుకున్నారు.

కాఫీ రెండో గుక్కలో ఉండగా భార్య చీపురు పట్టుకుని వచ్చి నిలబడింది. ఆవిడ వీధి చివర మందుల షాపు నడుపుతుంది. మాటలు కూడా మాత్రల్లాగే, అవసరమైనన్నే ఇస్తుంది.

"ఏమండీ, మీ పుస్తకాల షెల్ఫు వెనక గోడ మీద మట్టి చార పాకింది. చెదలేమో చూడండి."

"చెదలు అనకు. మట్టి చార అను," అన్నారు మాస్టారు పేపరు దించకుండానే. "కంటికి కనిపించింది ఒకటి, నువ్వు ఊహించింది ఇంకొకటి. రెండూ కలిపెయ్యకూడదు."

"సరే, మట్టి చారే. లేచి చూడండి."

"గోడకి చెమ్మ పట్టినా అలాగే ఉంటుంది."

"ఉంటుందేమో. చూస్తేనేగా తెలిసేది."

ఆయన లేచి చూసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ ఆ షెల్ఫుకు కొంచెం చరిత్ర ఉంది. పాత ఫర్నిచరు దుకాణంలో దాన్ని చూసి మాస్టారు మనసు పారేసుకున్న రోజున, "పాత కొయ్య, లోపల ఏముందో ఏమో, వద్దండీ" అని భార్య అంది. పాత కాలపు కొయ్య ఎంత గట్టిదో దారిపొడుగునా ఆవిడకు పాఠం చెప్పి, దాన్ని మెట్ల మీదుగా మూడో అంతస్తుకి మోయించుకొచ్చారు మాస్టారు. ఇప్పుడు అందులో చెదలు ఉన్నాయంటే, అవి ఎక్కడినుంచో రాలేదు, ఆయన వెంట వచ్చాయి. ఈ లెక్క ఆయన బుర్రలో ఆయన అనుమతి లేకుండానే పూర్తయిపోయింది. లేచి చూడకపోవడానికి ఆయన శాస్త్రీయ సందేహం అని పేరు పెట్టుకుని, పేపరు పేజీ తిప్పారు.

షెల్ఫు ఉన్న గోడకు అవతలి పక్క ఇంట్లో పియానో టీచరమ్మ ఉంటుంది. భర్త పోయాక ఆవిడ ఇంట్లో సంపాదించేది ఆ గోడకే ఆనించిన నల్ల పియానో ఒక్కటే. సాయంత్రాలు ఆవిడ శిష్యులు ఒకే పాటను ఒకే చోట తప్పుగా వాయిస్తూ ఉంటే, మాస్టారు గోడకు ఇవతల కూర్చుని జవాబు పత్రాలు దిద్దుకునేవారు. ఆ తప్పు కోసం ఎదురు చూడడం ఆయనకు అలవాటైపోయింది. ఆ సంగీతం తనకు ఇష్టమని ఆయన ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు.

మధ్యాహ్నం బిల్డింగు సెక్రటరీ గారు చెదల మందు కొట్టే అతన్ని వెంటబెట్టుకుని వచ్చారు. కింది అంతస్తులో ఎవరిదో మంచం కోడు పొడైపోయిందట. మొత్తం బిల్డింగుకు మందు కొట్టించాలా వద్దా అన్నది ఆ సాయంత్రం మీటింగులో తేల్చాలి. మందు అతను స్క్రూడ్రైవరు పిడితో గోడ మీద టకటకా కొట్టి, పెద్ద ఆపరేషను చేసి వచ్చిన డాక్టరులా నిట్టూర్చాడు.

"లాభం లేదు సార్. పై వారానికి ఈ బిల్డింగు ఉండదు. సిమెంటు కూడా తినేస్తున్నాయి."

"చెదలు సిమెంటు తింటాయా?" అన్నారు మాస్టారు.

"ఇవి కొత్త రకం సార్."

"ఆ కొత్త రకాన్ని ఒక్కదాన్ని పట్టి చూపించు."

మందు అతను స్క్రూడ్రైవరు జేబులో పెట్టేసుకున్నాడు. సెక్రటరీ గారు మాస్టారి వైపు భక్తిగా చూశారు. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నకు వంక పెట్టడానికి లేదు. మాస్టారు జీవితంలో అడిగిన మంచి ప్రశ్నల్లో అదొకటి. అతను అబద్ధం చెబుతున్నాడని తేలిపోయింది. అయితే అందువల్ల బిల్డింగులో చెదలే లేవన్నది మాత్రం మాస్టారి సొంత కవిత్వం. ఆ కవిత్వాన్నే ఆయన సాయంత్రం మీటింగులో చదివారు.

"సందేహించడమే సైన్సు," అన్నారు ఆయన, కార్లు పెట్టుకునే చోట ప్లాస్టిక్ కుర్చీల మధ్య నిలబడి. "ఒక్క మంచం కోడు విరిగిందని బిల్డింగంతా జబ్బుపడిందని ఎలా అంటాం? మందు అమ్ముకునేవాడికి అన్నిచోట్లా చెదలే కనిపిస్తాయి. భయం రుజువు కాదు."

చప్పట్లు మోగాయి. మందు కొట్టించాలంటే ప్రతి ఇంట్లో బీరువాలూ మంచాలూ గోడకు దూరంగా జరపాలి. సామాన్లు జరపక్కర్లేదని చెప్పే ఏ సిద్ధాంతానికైనా ఆ బిల్డింగులో చప్పట్లు పడతాయి. మాస్టారు మాత్రం అవి సైన్సుకే పడ్డాయనుకున్నారు. తీర్మానం వీగిపోయింది.

మెట్లెక్కుతుంటే టీచరమ్మ వెనకనుంచి పిలిచింది.

"బాబూ, ఒక్క మాట. ఈమధ్య పియానో లోపల ఏదో గీకినట్టు చప్పుడు వినిపిస్తోంది. ఒకసారి ముందుకి జరిపించి చూద్దామా అనుకున్నాను. దానికి నలుగురు మనుషులు కావాలి, జరిపితే శ్రుతి కూడా చెడుతుంది. నాకా, వీటి సంగతి తెలీదు. మీరు అక్కర్లేదంటే మానేస్తాను."

మాస్టారికి పొద్దున భార్య చెప్పిన మట్టి చార గుర్తొచ్చింది. "జరిపించండి" అన్న మాట పెదవుల దాకా వచ్చింది కూడా. కానీ చప్పట్లు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి.

"అక్కర్లేదమ్మా," అన్నారు. "చెక్క అన్నాక చప్పుడు చేస్తుంది. ఎండకీ చలికీ సాగుతుంది, ముడుచుకుంటుంది."

"అంతేనా? చల్లని మాట చెప్పారు," అని ఆవిడ తేలిగ్గా మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఆ మెట్ల మీది నాలుగు మాటలను మాస్టారు తర్వాత ఎన్నిసార్లు వెనక్కి తీసుకోవాలనుకున్నారో ఆయనకే తెలియదు.

తర్వాత సాక్ష్యాలు వరసకట్టి రావడం మొదలుపెట్టాయి. వాన వెలిసిన సాయంత్రం హాల్లో లైటు కింద ఉసిళ్ళ రెక్కలు, అంటే రెక్కలొచ్చిన చెదలవే, గుప్పెళ్ళుగా రాలాయి. కిటికీ తీసి ఉందన్నారు మాస్టారు. షెల్ఫును తడితే డొల్లగా మోగింది. మంచి కొయ్య అలాగే మోగుతుందన్నారు. నిఘంటువు తెరిస్తే ఒక అక్షరం మొత్తానికి కంత పడి ఉంది. పాత అచ్చు, కాగితం నాసిరకం అన్నారు. ప్రతిదానికీ ఆయన దగ్గర ఒక జవాబు ఉంది. ఒక జవాబుకీ ఇంకో జవాబుకీ పొత్తు లేదన్న సంగతి మాత్రం ఆయన పట్టించుకోలేదు. కాలేజీలో ఏ పిల్లవాడైనా అలాంటి జవాబులు రాసి ఉంటే సున్నా చుట్టేవారు.

భార్య ఒకరోజు అన్నం వడ్డిస్తూ అడిగింది. "ఇంతకీ ఏం చూపిస్తే చెదలని ఒప్పుకుంటారు?"

మాస్టారు ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచించారు.

"అలా ముందుగా చెప్పడం కష్టం."

"మీ పిల్లల్నైతే ప్రయోగానికి ముందే చెప్పమంటారుగా."

"ఇంటికీ ల్యాబుకీ తేడా ఉంది," అన్నారు మాస్టారు. ఆవిడ పప్పు గిన్నె మూత పెట్టేసింది. ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదేమో.

టీచరమ్మ ఏటా తన శిష్యులతో ఇంట్లో చిన్న కచేరీ పెట్టిస్తుంది. పిల్లల తల్లిదండ్రులు వచ్చి విని, తృప్తి పడితే వచ్చే ఏడాది కూడా పంపుతారు. అందుకని ఆవిడకు అది పరీక్ష లాంటిది. ఆ ఏడు హాలు కిటకిటలాడింది. మాస్టారికి గౌరవంగా ముందు వరసలో కుర్చీ వేశారు. పొడుగు జడల అమ్మాయి ఒకతె, రోజూ తప్పు పోయే ఆ పాటను మొట్టమొదటిసారి తప్పు లేకుండా వాయించుకుంటూ వచ్చింది. మాస్టారు కుర్చీ అంచుకు జరిగారు. పాట చివర పియానో మెట్ల మీద ఆ పిల్ల పది వేళ్ళూ బలంగా మోపింది.

పియానో మెల్లగా వెనక్కి వాలింది. తర్వాత ఎడమ పక్కకు కుంగింది. వెనక చెక్క గోధుమరంగు పొడిలా జారిపోతుంటే లోపలి తీగెలన్నీ ఒక్కసారి మూలిగాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ పిల్ల మాత్రం, "టీచర్, నేనేం చెయ్యలేదు," అని ఏడుపు లంకించుకుంది.

నలుగురూ పట్టి పియానోను ముందుకు లాగారు. గోడ మీద చెయ్యంత వెడల్పున మట్టి దారులు. అన్నీ ఒకే కంత లోంచి వస్తున్నాయి. ఆ కంత అవతల ఏముందో ఆ గదిలో ఒక్కరికే తెలుసు. మాస్టారు ఇన్నాళ్ళకు మోకాళ్ళ మీద వంగారు. మట్టిని గోటితో గీరారు. తెల్లటి పురుగులు చల్లగా, తీరిగ్గా కదిలాయి.

"అమ్మా," అన్నారు.

టీచరమ్మ కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఆయనకు కొంచెం నయంగా ఉండేది. ఆవిడ పొడి అంటుకున్న పియానో మెట్లను కొంగుతో తుడుస్తూ, "తెలీకపోతే తెలీదని చెప్పేస్తే పోయేదిగా బాబూ," అంది.

ఆ మాటతో మాస్టారు ఇంటికి వచ్చి షెల్ఫును లాగారు. అది వెనక చెక్క లేకుండానే వచ్చింది. ఇన్నాళ్ళూ దాన్ని నిలబెట్టింది రంగూ పుస్తకాలూ మాత్రమే.

ఆయన ఆ సాయంత్రమే మీటింగు పెట్టించారు. షెల్ఫు చెక్క ముక్కనొకదాన్ని చేత్తో పట్టుకుని నిలబడి, చెదలున్నాయని, తాను పొరబడ్డానని, వెంటనే మందు కొట్టించాలని చెప్పారు. చప్పట్లు పడలేదు.

"ఒక్క పియానో కుంగిందని బిల్డింగంతా జబ్బుపడిందని ఎలా అంటాం మాస్టారూ?" అన్నారు సెక్రటరీ గారు.

"నా కళ్ళతో చూశానండీ."

"కంటికి కనిపించింది ఒకటి, ఊహించింది ఒకటి అని మీరేగా అంటుంటారు."

"ఇదిగో, చెక్క."

"ఆ చెక్క పాత దుకాణంలోది. మా చెక్కలు మంచివి," అన్నారు రెండో అంతస్తాయన. వెనకనుంచి ఇంకెవరో, "మందు అతను మాస్టారికి కమీషను ఇస్తున్నాడేమో కనుక్కోండి," అన్నారు. ప్రతి మాటా మాస్టారు నేర్పిందే. ఆయనకు ఇంత శ్రద్ధగా పాఠం ఒప్పజెప్పిన తరగతి కాలేజీలో కూడా లేదు. మాస్టారు ముఖం చెల్లక కూర్చుండిపోయారు.

ఇంటికి వచ్చి భార్య దగ్గర కూర్చున్నారు. "నేను సందేహించాను. అదీ తప్పేనా?"

"సిమెంటు సంగతి అడిగినప్పుడు సందేహించారు," అంది భార్య. "ఆ తర్వాత ఒక్కసారి కూడా వంగి చూడలేదు. సందేహం ఉన్న మనిషికి చూసేదాకా నిద్ర పట్టదు. మీరు హాయిగా నిద్రపోయారు."

ఆయన దానికి రుజువు అడగలేదు.

మరునాటినుంచి మాస్టారు టార్చిలైటు పట్టుకుని గుమ్మం గుమ్మం ఎక్కారు. ఉపన్యాసం లేదు. "చెదలున్నాయని నమ్మొద్దు. ఒక్కసారి వంగి చూడండి, లేకపోతే నన్ను తిట్టండి," అనేవారు. కొందరు తిట్టారు. కొందరు వంగారు. వంగినవాళ్ళు ఎక్కువ మాట్లాడకుండా బీరువాలు జరపడం మొదలుపెట్టారు. కొన్ని ఇళ్ళల్లో నిజంగానే ఏమీ లేదు. లేదనే మాస్టారు చెప్పి వచ్చారు. ఆ మాట చెప్పినందుకే మిగతావాళ్ళు తలుపులు తీశారు. చివరికి బిల్డింగంతా ఒప్పుకుంది, సెక్రటరీ గారి ఇల్లు తప్ప. ఆయనకు మోకాళ్ళ నొప్పులట, వంగలేరట.

పియానోను బాగుచేసే మనిషి వచ్చి చూసి, తీగెలు పనికొస్తాయి గానీ ఒళ్ళంతా కొత్తగా కట్టాలన్నాడు. ఖర్చు తనదేనన్నారు మాస్టారు. టీచరమ్మ సరేనంది. వద్దంటుందని ఆయన ఆశపడ్డారో, భయపడ్డారో చెప్పలేం. "కొత్త ఒంటికి పాత గొంతు రాదు బాబూ," అని మాత్రం అంది. సగం మంది శిష్యులు వేరే చోటికి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు చిన్న కరెంటు కీబోర్డు మీద అదే పాటను, అదే చోట తప్పుతున్నారు. షెల్ఫు లేని ఆ గోడ దగ్గర నేల మీద కూర్చుని మాస్టారు వింటారు. ఆ సన్నటి చప్పుడు వింటుంటే పేపర్లు దిద్దడం సాగదు.

మందు కొట్టే రోజున ఆఖరి ప్రయత్నంగా మాస్టారు సెక్రటరీ గారి గంట నొక్కారు. లోపల గడియ తీసిన చప్పుడైంది. తలుపు తెరుచుకోలేదు, చట్రంతో సహా ఊడి వచ్చింది. సెక్రటరీ గారు దాన్ని రెండు చేతులా పట్టుకుని, పొడిలో నిలబడి, మాస్టారి వైపు చూశారు.

"గాలి, మాస్టారూ," అన్నారు.