పైడయ్య నొప్పి ఒరిజినల్

మా మండలంలో చావుకు అనుమతి కోరే రోగి తన నొప్పిని ఆఫీసులో దాఖలు చేయాలి. ఒరిజినలే ఇవ్వాలి, జెరాక్సు చెల్లదు. నేను చెప్పబోయేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమని తేలినా, నా మీసం తీసి మీ చేతిలో పెడతాను.

గోనెసంచుల మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేసిన బోణి పైడయ్యకు ఎముకల్లో కేన్సరు. ఇక తాము చేయగలిగింది లేదని డాక్టర్లు చెప్పేశారు. నొప్పి మాత్రం తన పని ఇంకా బోలెడు మిగిలి ఉందంది. కూర్చోనివ్వదు, పడుకోనివ్వదు. భార్య అప్పలకొండ వద్దని ఎంత మొత్తుకున్నా వినకుండా, ఒక సోమవారం పైడయ్య నొప్పిని వెంటబెట్టుకుని ఆఫీసు మెట్లెక్కాడు.

గుమాస్తా అచ్యుతరావు మొదట దరఖాస్తు చూశాడు, తర్వాత నొప్పిని చూశాడు. తడిసిన గోనెసంచిలా ఉంది, నడుము దగ్గర బరువెక్కువ.

"ఎన్నాళ్లది?"

"పద్నాలుగు నెల్లయింది బాబూ."

"వయసు అన్నచోట అదే రాయి. సంతకం నువ్వు పెట్టు, దాని చేత పెట్టించకు. కిందటివారం ఒకాయన అలాగే పెట్టించి ఫారం పాడుచేశాడు."

నొప్పి భుజం మీద ముద్ర గుద్ది, పురికొస కట్టి, బీరువాలో పెట్టి తాళం వేశాడు. రసీదు ఇచ్చాడు.

మెట్లు దిగుతుంటే పైడయ్యకు ఏదో మరిచిపోయినట్టు అనిపించింది. చేపల బజారు దాకా నడిచాక గానీ అది నొప్పేనని తెలియలేదు. జబ్బు ఎక్కడికీ పోలేదు. దాన్ని దాఖలు చేయమని నిబంధనల్లో లేదు. నెత్తళ్లు కొనుక్కుని ఇంటికెళ్లాడు.

"పులుసులో ఉప్పేదే?" అని ఆ మధ్యాహ్నం కసిరాడు. "తిట్టు మావా, తిట్టు! ఏడాదై తిట్నేదు నువ్వు," అని అప్పలకొండ కళ్లు తుడుచుకుంటూ ఇంకో గరిటె వడ్డించింది.

అంత నొప్పి ఒక బీరువాలో ఎలా పట్టిందని మీరు నా మీసం వైపు చూడొద్దు. నాకు మీసం లేదు, ఎప్పుడూ లేదు. కథ వినండి.

డెబ్బై మూడో రోజున విచారణకు పిలుపొచ్చింది. పైడయ్య అప్పటికి సగమయ్యాడు. అప్పలకొండ ఆటోలో తీసుకొచ్చింది. అధికారి కాగితాల్లోంచి తలెత్తకుండానే చెప్పాడు.

"అనుమతి మంజూరైంది. ఉత్తర్వు తీసుకో, ఒరిజినల్ వాపసు తీసుకో."

అచ్యుతరావు బీరువా తీశాడు. నొప్పి సంచి కాస్త ఒళ్లు చేసింది.

"అది మీ కాడే ఉంచీండి బాబూ," అంది అప్పలకొండ. "మా మావని నాకొగ్గీండి."

"ఫైలు ముగిశాక ఒరిజినల్ ఉంచుకునే అధికారం మాకు లేదమ్మా," అన్నాడు అచ్యుతరావు.

"నాను సావనంటే?" అన్నాడు పైడయ్య.

"దరఖాస్తు ఉపసంహరణ. అప్పుడూ వాపసే."

"పోనీ, నొప్పొక్కటీ తీసీమని అర్జీ ఎట్టుకుంతే?"

అచ్యుతరావు మూడు సొరుగులూ లాగి ఓపిగ్గా వెతికాడు. "చావుకు ఫారం ఉంది. దానికి లేదు."

పైడయ్య ఆలోచించాడు. సంచిని చూస్తే చావే నయమనిపించింది. చూపు పక్కకు తిప్పితే నెత్తళ్ల పులుసు గుర్తొచ్చింది.

"అయితే వాయిదా ఇప్పించండి."

"ఏ కారణం మీద?" అన్నాడు అధికారి.

"కారణం మీరే రాసీండి బాబూ. మీకన్నీ ఎరికే కదా."

అధికారి తలెత్తాడు. ఇద్దరినీ కాసేపు చూశాడు. కలం తీసి, విచారణ వచ్చే నెలకు వాయిదా అని రాశాడు. బీరువా మళ్లీ మూతపడింది. వరండాలో నలభై మంది కూర్చుని ఉన్నారు. అందరూ చావుకు దరఖాస్తు పెట్టినవాళ్లే, అందరూ వాయిదా కోసం వచ్చినవాళ్లే. ఎవరికీ తొందర లేదు. ఒకాయన వేరుశనక్కాయలు పంచుతున్నాడు.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, ఒప్పేసుకుంటున్నాను: అధికారి తలెత్తడం. ఎత్తలేదు. ఉత్తర్వు అప్పలకొండ చేతికీ, సంచి పైడయ్య భుజానికీ వచ్చాయి. ముగ్గురూ ఒకే ఆటోలో ఇంటికి వెళ్లారు.