ఊడిపోయిన మూడు దిమ్మలు

ఆ రోజు సుందర్‌రాజు పెట్టుకున్నది చిన్న పని. మధ్యాహ్నం దాకా డ్యూటీ చేసి, సగం రోజు సెలవు పెట్టి, భార్య గ్రేస్‌ను సంగారెడ్డిలో కంటి డాక్టరుకు చూపించాలి. పటాన్‌చెరులో లారీ ఇంజన్ల కింద వేసే రబ్బరు దిమ్మలు తయారుచేసే ఫ్యాక్టరీలో అతను క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. అక్కడ ఇనుప పలకలకు జిగురు పూసి, ప్రెస్సులో పెట్టి రబ్బరును అతికిస్తారు. ఆ అతుకు నిలిచిందా లేదా చూడడమే అతని ఉద్యోగం.

తొమ్మిదింటికి వచ్చేసరికి టేబుల్ మీద ఒక పార్సిల్ ఉంది. సరుకు కొనే కంపెనీ తిప్పి పంపిన మూడు దిమ్మలు. మూడింటికీ రబ్బరు మొత్తం ఊడి, లోపల ఇనుము అద్దంలా మెరుస్తోంది. రబ్బరు చిరిగి ఉంటే రబ్బరుది తప్పు. ఇనుము మెరిసిందంటే దానికి జిగురు పట్టలేదన్నమాట. పట్టలేదంటే జిడ్డు తగిలింది. ఎవరి జిడ్డు?

జిగురు గదిలో శివమ్మ పలకలకు బ్రష్‌తో జిగురు పూస్తోంది. ఆమె జడ నిగనిగలాడుతోంది.

"శివమ్మా, తలకు నూనె పెట్టినవా?"

"రోజూ పెడత సారూ. పదకొండేండ్ల సంది పెడుతున్న."

"గందుకే ఊడుతున్నయి. నువ్వు పోయి బయట కూసో."

"పదకొండేండ్ల సంది ఊడలే గద సారూ!"

ఆ మాట అతని చెవిన పడింది గానీ బుర్రకు చేరలేదు. శివమ్మ వెళ్లి గేటు పక్కన రేకుల నీడలో కూర్చుని, కొంగుతో కళ్లొత్తుకుంది.

ఆమె చోట ప్యాకింగులో పనిచేసే భవానిని కూర్చోబెట్టి, మెడికల్ షాపు నుంచి గ్లౌజులు తెప్పించాడు. గంట తర్వాత ప్రెస్సు నుంచి వచ్చిన దిమ్మల్లో ఐదింటిని లాగి చూస్తే ఐదూ ఊడాయి. గ్లౌజులకున్న తెల్ల పౌడరు వేలిముద్రలతో సహా ఇనుము మీద కనబడింది. గ్లౌజులు తీయించాడు. గదిలో పౌడరు ఎగురుతోందని ఫ్యాన్లు ఆపించాడు. మే నెల. భవాని నుదుటి చెమట పలకల మీద టపటపా రాలింది. ఈసారి పది లాగితే పదీ ఊడాయి.

మేనేజర్ జైపాల్ వచ్చాడు. "ఏందయ్యా రాజూ, పొద్దుగాల మూడే గద?"

"ఇగ దొరికినట్టే సార్. పలకలన్నీ థిన్నర్‌తోని తుడిపిస్త."

తుడవడానికి తెచ్చిన గుడ్డతో ముందురోజు కంప్రెసర్ ఆయిల్ తుడిచారు. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు. గ్రేస్ రెండుసార్లు ఫోన్ చేసింది, తీయలేదు. డాక్టరు వెళ్లిపోయాడని మెసేజ్ పెట్టింది. మూడున్నరకల్లా ట్రేలలో రెండువందల నలభై దిమ్మలు పేరుకున్నాయి. పట్టుకుని లాగితే నిలిచేది ఒక్కటీ లేదు.

నాలుగింటికి సరుకు కొనే కంపెనీ నుంచి రామలింగేశ్వరరావు వచ్చాడు. సుందర్‌రాజు క్షమాపణకు నోరు తెరిచేలోపే, ఆయన టేబుల్ మీది దిమ్మనొకదాన్ని తిరగేసి చూపించాడు.

"ఈ ముద్ర చూశారాండీ? ఇవి మీవి కావు. ఇంకో కంపెనీ సరుకును మా స్టోరు వాళ్లు పొరపాటున మీకు పంపేశారు. తీసుకుపోదామని వచ్చాను. అసలు మీవి ఎప్పుడైనా ఊడాయా అండీ? సరే, రేపటి లోడు రెడీయేనా?"

జైపాల్ ట్రేల వైపు చూశాడు. తర్వాత సుందర్‌రాజు వైపు చూశాడు.

సుందర్‌రాజు గేటు దాకా నడిచి వెళ్లాడు. అతన్ని చూసి శివమ్మ లేచి నిలబడింది.

"తప్పు నాదే శివమ్మా. లోపలికి రా."

ఆమె కొంగు దోపుకుని వచ్చి, ట్రేల దగ్గర ఆగిపోయింది. "ఇవన్ని ఎవలు చేసిన్రు సారూ?"

"నేనే."

ఆమె ట్రేలను దాటుకుని జిగురు గదిలోకి వెళ్లింది. బ్రష్ కడుక్కుని కొత్త పలక చేతిలోకి తీసుకుంది. రెండు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

సాయంత్రం ఊడిన దిమ్మల మీద రిపోర్టు రాయాల్సి వచ్చింది. 'కారణం' అన్న గడి ముందు చాలాసేపు కూర్చుని, చివరికి తన పేరు రాశాడు. దాని కిందున్న 'తీసుకున్న చర్య' అన్న గడిని జైపాల్ నింపాడు.