పదకొండు శాలువాల వాతావరణం

ఈ వేసవి ముగిసేలోగా సికింద్రాబాద్‌లో వాతావరణ మార్పు గురించి తెలియని విద్యార్థి ఒక్కరు కూడా మిగలరని హరిత చైతన్య మండలి చైర్మన్ ఓంప్రకాశ్ గారు ప్రకటించారు. ఆయన అన్నారంటే అయినట్టే. తొలి సభకు బోయిగూడలోని ఒక సర్కారు బడిని ఎంచుకున్నారు. మైకు సెట్టు నాదే కనుక ఆ మహత్తర ఘట్టాన్ని దగ్గరుండి చూసే భాగ్యం నాకు దక్కింది.

ఆ బడిలో ఎనిమిదో తరగతికి రేకుల గది. పక్కనే స్లాబు గది ఉంది గానీ దానికి తాళం. లోపల మండలి వారి ఫ్లెక్సీలున్నాయి. భూమిని కాపాడమని రాసిన ఆ ఫ్లెక్సీల్లో భూమి కంటే చైర్మన్ గారు కాస్త పెద్దగా ఉంటారు. పోయిన నెల రేకుల కింద ఇద్దరు పిల్లలు కళ్లు తిరిగి పడిపోయారు. అప్పటినుంచి సైన్సు టీచరు వసుధ గారు గోడకు థర్మామీటరు తగిలించి, శ్రీలేఖ అనే పిల్ల చేత రోజూ ఉష్ణోగ్రత రాయిస్తున్నారు. ఆ నోటుబుక్కు చూపించి ఎలాగైనా స్లాబు గది అడగాలని వాళ్ల ఆశ.

ఒంటిపూట బడి పన్నెండున్నరకే అయిపోయింది. చైర్మన్ గారు వచ్చేది రెండున్నరకు కనుక పిల్లల్ని ఆ రేకుల గదిలోనే కూర్చోబెట్టారు; సభ కూడా అక్కడే. రాగానే సన్మానం. శాలువా కప్పందే మన దగ్గర ఏ చైతన్యమూ మొదలవదు. హెడ్మాస్టరు ఒకటి, మోండా మార్కెట్ వర్తకులు మూడు, బస్తీ సంఘాలు తలా ఒకటి కప్పగా మొత్తం పదకొండు తేలాయి.

శ్రీలేఖ లేచి నిలబడింది. "సార్, ఈ గదిల ఇప్పుడు నలభై రెండున్నది. ఆ స్లాబు గది మాకిప్పించుండ్రి."

చైర్మన్ గారు ప్రేమగా నవ్వారు. "ముందుగాల భూగోళం సంగతి చూద్దాం బిడ్డా. నీ గది సుత దాంట్లనే ఉన్నది గదా."

నాకే చప్పట్లు కొట్టాలనిపించింది. ఉపన్యాసం ధ్రువాల మంచు దగ్గరికి వచ్చేసరికి చెమట ఆయన గడ్డం మీదుగా నా మైకులోకి కారుతోంది. పీఏ బాబ్జీ ఆయన చెవిలో అడిగాడు.

"శాలువాలు తీసీమంటారా సార్?"

"తీస్తే కప్పినోళ్లు ఏమనుకుంటరయ్యా? గమ్మునుండు."

మంచు ఇంకా పూర్తిగా కరగకముందే చైర్మన్ గారు బల్ల మీదికి ఒరిగిపోయారు. పిల్లలు తమ సీసాల్లో మిగిలిన నీళ్లు ఆయన మొహాన చల్లారు. అంబులెన్సు వెళ్లిపోయాక వసుధ గారు మెల్లగా అన్నారు, "పాపం పెద్దమనిషే. కానీ ఇగ మనం చెప్పే పని లేదు. ఆయనకే తెలిసొచ్చింది." నిజం చెప్పొద్దూ, నాకూ ఆశ పుట్టింది.

మూడో రోజే కమిటీ వచ్చింది, ఐదో రోజు ఉత్తర్వు వచ్చింది. ప్రభుత్వం ఇంత వేగంగా పనిచేయడం నేనెప్పుడూ చూడలేదు. హెడ్మాస్టరు ప్రార్థన వేళ చదివి వినిపించారు. మధ్యాహ్నం వేళ రేకుల గదిలో కూర్చోవడం ప్రాణాలకే ప్రమాదమని కమిటీ తేల్చిందట. ఎనిమిదో తరగతి ఒక్కసారిగా చప్పట్లు కొట్టింది. ఆయన చెయ్యెత్తి ఆపి మిగతాది చదివారు.

"కావున ఇకపై అతిథులను స్లాబు గదిలోనే కూర్చోబెట్టవలెను. అందులోని ఫ్లెక్సీలను ఎనిమిదో తరగతి గదికి తరలించవలెను. వేడికి వాటి రంగు పోకుండా చూసుకునే బాధ్యత విద్యార్థులది."