నాలుగో ప్రయత్నానికి దరఖాస్తు

ధైర్యం చెయ్యదలచినవారు ముందుగా మూడు ప్రతుల్లో దరఖాస్తు పెట్టుకోవాలని ప్రపంచంలో మొట్టమొదట గుర్తించిన ఘనత పడమటి టెక్సస్‌లోని కెల్లర్ వెల్స్ పాఠశాల పాలకమండలికే దక్కుతుంది.

బంతిని చేత పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్‌లో జట్టుకు నాలుగు ప్రయత్నాలు. వాటిలో పది గజాలు ముందుకు పోవాలి. మూడింట్లో పోలేకపోతే, నాలుగోసారి బంతిని దూరంగా తన్ని అవతలి జట్టుకు అప్పగించడం పెద్దల నాటి ఆచారం. తన్నకుండా పరుగుకే దిగి విఫలమైతే, బంతి ఉన్నచోటే అవతలివాళ్ళ చేతికి పోతుంది. అలా పోగొట్టిన కోచ్ ఇంటి ముందు గడ్డిలో తెల్లారేసరికి ‘ఈ ఇల్లు అమ్మబడును’ అని బోర్డులు మొలుస్తాయి. (అమ్మే ఉద్దేశం ఉందా అని కోచ్‌ని ఎవరూ అడగరు.)

వెండెల్ హ్రూస్కా ఆ ఊళ్ళో ఆరేళ్ళుగా కోచ్. ఆరేళ్ళూ తన్నించాడు. ఏడో ఏడు వేసవిలో లెక్కల టీచరు ఓలెటా ప్రూయిట్ అతని వంటింటి బల్ల మీద నాలుగు వేల ఆటల ఫలితాలు పరిచింది. ఒక్క గజమే మిగిలినప్పుడు తన్నడం కన్నా పరుగెత్తడమే లాభమని చూపించింది. వెండెల్ నమ్మలేదు. మూడు వారాలు తనే పెన్సిలుతో లెక్క వేశాడు. అదే జవాబు వచ్చింది.

“ఓలెటా గారూ, అయితే ఆరేళ్ళూ ఊరికే తన్నించానా నేను?”

“ఊరికే ఎందుకు కోచ్? భయపడి తన్నించారు.”

పాలకమండలి గణితాన్ని సాదరంగా ఆహ్వానించి, దాన్ని అదుపులో పెట్టడానికి నాలుగో ప్రయత్నపు ముప్పు నిర్ణయాల ఉపసంఘాన్ని వేసింది. అధ్యక్షుడు గార్లండ్ స్టబ్స్, బీమా ఏజెంటు. (ఇల్లు కాలిపోయే అవకాశం వెయ్యింట ఎంతో చెప్పి బతికే మనిషి కనుక, ఆయనకు అవకాశాల సంగతి తెలియదని అనడానికి లేదు.) పద్నాలుగు పేజీల నియమావళి వచ్చింది. ఆరో నియమం ప్రకారం, పరుగుకు దిగాలంటే కోచ్ దరఖాస్తు నింపాలి, గణితాధికారి ఓలెటా అవకాశాల అంకె వేసి సంతకం చెయ్యాలి. పెన్నుతోనే, వాన పడుతున్నా సరే. తొమ్మిదో నియమం ప్రకారం గెలిస్తే అది కోచ్ సాహసం, ఓడితే గణితం.

ఒక ప్రయత్నానికీ ఇంకో ప్రయత్నానికీ మధ్య ఆట ఇచ్చేది నలభై సెకన్లు. దరఖాస్తు నింపడానికి రెండు నిమిషాల పది సెకన్లు పట్టేది. అందువల్ల ప్రతి సగంలోనూ జట్టుకు దొరికే మూడు విరామాలూ సంతకాలకే ఖర్చయ్యేవి. ఆటగాళ్ళు ఆ సమయంలో ఓలెటాకు గొడుగు పట్టేవారు. తొమ్మిది ఆటల్లో ఎనిమిది గెలిచారు. ఊరి పత్రిక కోచ్ గుండెధైర్యం మీద ఎనిమిది వ్యాసాలు వేసింది.

పదో ఆట పక్క ఊరు డ్రై ఫోర్క్‌తో. గెలిస్తే పై పోటీలకు పోతారు. వెండెల్ కాంట్రాక్టు కూడా ఆ నెలతోనే ముగుస్తుంది. కెల్లర్ వెల్స్ ఇరవై, డ్రై ఫోర్క్ పదిహేడు. రెండు నిమిషాలు మిగిలాయి. నాలుగో ప్రయత్నం, ఒక్క గజం.

“ఎంత?” అన్నాడు వెండెల్.

“పరుగెత్తితే నూటికి ఎనభై రెండు సార్లు గెలుస్తాం. తన్నితే డెబ్భై ఒకటి.”

“సంతకం పెట్టండి.”

ఆమె పెట్టింది. జట్టులోని ట్రెవీనో బంతి పట్టుకుని పరుగెత్తాడు, తడి గడ్డి మీద కాలు జారాడు. ఇంకా అర గజం ఉండగానే పడ్డాడు. బంతి చేతికొచ్చిన డ్రై ఫోర్క్ ఇరవై నాలుగుతో గెలిచింది.

పొద్దున లేచేసరికి గడ్డిలో పదకొండు బోర్డులు. ఒకదాని మీద ఇళ్ళు అమ్మిపెట్టే ఏజెంటు ఫోన్ నంబరు కూడా ఉంది. వెండెల్ పీకబోతే భార్య డార్లా కాఫీ కప్పుతో వాకిట్లోకి వచ్చింది.

“ఉండనీవయ్యా, మంగళవారం విచారణ దాకా. నంబరున్నది మాత్రం జాగ్రత్తగా ఉంచు. మనకే పనికిరావచ్చు.”

మంగళవారం పాఠశాల భోజనశాలలో విచారణ జరిగింది. స్టబ్స్ దరఖాస్తు ప్రతిని వెలుతురుకు ఎత్తి చూశాడు.

“టీచరుగారూ, ఎనభై రెండు అని రాశారు. మరి ఓడామేం?”

“ఎనభై రెండంటే, పద్దెనిమిదిసార్లు ఓడతామని కూడానండీ.”

“అంటే ఆ పద్దెనిమిది సంగతి మీకు ముందే తెలుసు?”

“తెలుసు.”

“తెలిసీ సంతకం పెట్టారు!”

సభ్యులు తలలు ఊపి రాసుకున్నారు. (ఒకాయన పక్కాయన్ని చూసి రాసుకున్నాడు.)

“తన్ని ఉంటే ఇరవై తొమ్మిదిసార్లు ఓడేవాళ్ళమండీ,” అంది ఓలెటా.

“చూడమ్మా,” అన్నాడు స్టబ్స్ ఓర్పుగా. “ఆ ఇరవై తొమ్మిదీ డ్రై ఫోర్క్ వాళ్ళు మనకు చేసేవి. ఈ పద్దెనిమిది మనకు మనం చేసుకున్నవి. ఇంత చిన్న తేడా తెలియకుండా పిల్లలకు లెక్కలెలా చెబుతున్నారో!”

తరవాత వెండెల్ ముందు ఒక కాగితం పెట్టారు. అందులో రెండు గళ్ళు. ‘ఈ లెక్క నాకు అర్థమయ్యే ఆచరించాను’ అన్నది మొదటిది. దాని కింద, సేవలకు కృతజ్ఞతలు. ‘ఈ లెక్క నాకు అర్థం కాలేదు, అధికారి సంతకం చూసి ఆచరించాను’ అన్నది రెండోది. దాని కింద, మూడేళ్ళ పొడిగింపు.

“నిజమే పెట్టు కోచ్,” అన్నాడు స్టబ్స్. “ఏది పెట్టినా మేం నమ్ముతాం.”

వెండెల్ ఓలెటా వైపు చూశాడు. మూడు వారాల పెన్సిలు లెక్కలు ఇంకా వంటింటి సొరుగులోనే ఉన్నాయి. అతని చెయ్యి పైకి లేచి, మళ్ళీ కాగితం మీదికే దిగింది.

“కానివ్వండి కోచ్,” అంది ఆమె పెన్ను అందిస్తూ. “మీరేది పెడతారో ఇందాకే లెక్క వేశాను.”

“నూటికి ఎంత?”

“నూరు.”

అతను రెండో గడిలో టిక్కు పెట్టాడు.

ఓలెటాను లెక్కల నుంచి తప్పించి, పిల్లలకు కారు నడపడం నేర్పే పనికి వేశారు. (అక్కడ ముప్పు తక్కువని ఉపసంఘం అభిప్రాయపడింది.) మరుసటి ఏడాది వెండెల్ ప్రతి నాలుగో ప్రయత్నంలోనూ బంతిని తన్నించాడు. జట్టు పది ఆటల్లో ఏడు ఓడింది. ఒక్కదానికీ విచారణ అవసరం పడలేదు. ఏడింటిలోనూ తప్పు అవతలి జట్టుదే.