చేతిగొడ్డలికి శాలువా

చెన్నపట్నంలో తెలుగువాళ్లు లక్ష ఏళ్లుగా స్థిరనివాసులేనని చింతాద్రిపేట తెలుగు హితైషిణి సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. కాదనడానికి ఆ కాలం వాళ్లెవరూ సభకు రాలేదు. తీర్మానం చదువుతున్నంతసేపూ సభ్యుల పిల్లలు వెనక వరుసల్లో దాని గురించి తమిళంలో చర్చించుకున్నారు.

ఇంతటి ఘనకార్యానికి కారకుడు శేషాద్రి, బడిలో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. ఆయన పూర్వీకులు మగ్గాలతో సహా వచ్చి కూవం నది ఒడ్డున స్థిరపడి కొన్ని వందల ఏళ్లయింది. అయినా ఆయన ఇంట్లో మాట్లాడే భాష చెవిన పడితే ఇరుగుపొరుగు "ఎప్పుడొచ్చారు?" అంటారు. నెల్లూరులో చుట్టాల పెళ్లికి వెళితే ఆయన యాస విని అక్కడివాళ్లూ అదే అడుగుతారు. అందుకే ఆదివారాలు తిరువళ్లూరు దాటి ఒక వాగు దగ్గరికి రైల్లో వెళ్లి, రాతిలో అచ్చుపడిన పాతకాలపు ఆకుల కోసం వెతికేవాడు. ఆ ఆకులు ఎవరినీ ఏమీ అడగవు.

ఒక ఆదివారం వాగు గట్టు గోకుతుంటే ఆకు బదులు అరచేతిలో ఇమిడే రాయి బయటపడింది. రెండు వైపులా చెక్కి, కొనదేరి ఉంది. పట్టుకోగానే వేళ్లు వాటంతటవే సర్దుకున్నాయి. ఎవరో తన చేయి పట్టుకున్నట్టయి శేషాద్రికి కళ్లు చెమర్చాయి. అపురూపంగా ఇంటికి తెచ్చాడు.

"ఈడ రాళ్లు పెట్టేదానికి జాగా యాడుంది?" అంది ఆయన భార్య అమ్మణి. "పచ్చడి నూరేదానికన్నా పనికొస్తాదా?"

"ఇది ఆదిమానవుడి గొడ్డలే!"

"సెరి, మెల్లిగా పెట్టండి. టైల్సు పోయినేడు ఏసినవి."

రాళ్ల సంగతి తెలిసిన మధుమిత అనే పరిశోధకురాలు దాన్ని తిప్పి తిప్పి చూసి, లక్ష ఏళ్లు దాటినదని చెప్పింది. ఇంకొకటి కనబడితే ముట్టుకోవద్దని మందలించింది. ఆ గట్టులో ఇంకా ఎన్నో ఉండవచ్చని, అనుమతులు తెచ్చి తవ్వేదాకా వాగును ఎవరూ పూడ్చకుండా చూడమని బతిమాలింది. వాగు స్థలం అప్పటికే విల్లాల కోసం అమ్ముడుపోయింది. మన ఆషాఢంలాగే తమిళుల ఆడి నెలలోనూ శుభకార్యాలు చేయరు గనుక భూమిపూజ ఆగింది. లేకపోతే వాగుకు ఆపాటి ఆయుష్షు కూడా ఉండేది కాదు.

స్థలం కొన్నది గుంటూరు నుంచి వచ్చిన రఘురామ్. తెలుగు సంఘం అధ్యక్షుడూ ఆయనే. పూడ్చేవాడూ, మన బాధ వినాల్సినవాడూ ఒక్కడే అయితే పని సులువవుతుందని శేషాద్రి నమ్మాడు. గొడ్డలి పట్టుకెళ్లి, వాగును వదిలేయమని వేడుకున్నాడు. రఘురామ్ వాగు మాట వినలేదు గాని గొడ్డలిని కళ్లకద్దుకున్నాడు.

"మాస్టారూ, ఇంతకాలం ఎక్కడ దాచారండీ దీన్ని!"

వెంటనే సభ. ఆ గొడ్డలి చెక్కినవాడికి అసలు భాషంటూ ఉండేదా అని ఒక సభ్యుడు సందేహించాడు. ఉండి ఉంటే అది తెలుగే అయ్యుండేదని సవరణ చేసి ఆమోదించారు. పక్కవీధి తమిళ సంఘం అదే రాయిని చూసి అంతే శాస్త్రీయంగా తమిళమని తేల్చింది. రెండు సంఘాల ఫ్లెక్సీలూ ఒకే దుకాణంలో తయారయ్యాయి. ఆదిమానవుడూ ఒకడే. పంచె అంచు మాత్రం మార్చారు.

రెండు షామియానాలెందుకని సన్మానమూ భూమిపూజా ఒకేనాడు, వాగు ఒడ్డునే పెట్టారు. మైకు దొరికితే ఒకే ఒక్క మాట, "వాగును పూడ్చకండి" అని చెప్పాలని శేషాద్రి దారి పొడవునా నెమరువేసుకుంటూ వచ్చాడు.

"సోదర సోదరీమణులారా!" అన్నాడు రఘురామ్. "ఎప్పుడొచ్చారని మనల్ని అడిగిన ప్రతివాడికీ ఈ రాయే జవాబు! దీన్ని పట్టిన చెయ్యి తెలుగు చెయ్యి. ఆ పట్టు చూస్తేనే తెలుస్తోంది! మనది నదీతీర నాగరికత. అందుకే ఈ తీరాన్ని చదును చేస్తున్నాం!"

చప్పట్లు. శేషాద్రి మైకు ముందుకొచ్చి "అందరికీ నమస్కారం" అనగానే శాలువా కప్పారు. దాని మీద దండ, దండ మీద మరో శాలువా, ఫోటో. ఈలోగా మైకు మరొకరి చేతికి పోయింది. గొడ్డలికీ జేబురుమాలంత శాలువా కప్పారు. పూజలో కొబ్బరికాయ కొట్టడానికి కత్తి కనబడకపోతే రఘురామ్ ఆ గొడ్డలే అందుకున్నాడు. కాయ సరిగ్గా రెండు చెక్కలైంది. లక్ష ఏళ్ల తరువాత కూడా పదును పోలేదని శేషాద్రి, సిగ్గులేకుండా, సంబరపడ్డాడు. అప్పుడే మొదటి లారీ వాగులో మట్టి దించింది.

"వాగు సంగతి చెప్తిరా?" అని ఇంట్లో అమ్మణి అడిగింది.

"నోరు తెరిచేలోపల శాలువా కప్పేసినారే."

"కప్పితే? శాలువా కప్పేది భుజాలకు కదా, నోటికి కాదే."

శేషాద్రి ఆ రాత్రి అన్నం తినలేదు.

విల్లాలు లేచాయి. గొడ్డలిని విల్లాల ముందరి హాల్లో అద్దాల పెట్టెలో పెట్టారు. గృహప్రవేశాలు ముగిశాక వచ్చిన తుఫానుకు వాగు తన దారిన తాను వచ్చింది. హాలు మునిగింది, అద్దాల పెట్టె మునిగింది. గొడ్డలి మాత్రం మళ్లీ లక్ష ఏళ్లు ఉన్నచోటనే, వాగు అడుగున, హాయిగా ఉంది.

ఒక విల్లా మేడ మీద సంఘం అత్యవసర సమావేశం జరిగింది. ఆ వాగు ఎరిగిన మనిషని, తిరువొత్తియూరు నుంచి సాయానికొచ్చిన ఆంటో అనే జాలరి పడవలో శేషాద్రిని పిలిపించారు. ఆయన వచ్చేసరికి తీర్మానం అయిపోయింది: సదరు వాగు ప్రైవేటు స్థలాన్ని ఆక్రమించినందున, తక్షణం ఖాళీ చేయించవలసిందిగా ప్రభుత్వాన్ని కోరడమైనది.

రఘురామ్ శేషాద్రి వైపు తిరిగాడు. "మాస్టారూ, మీరు ఇక్కడి పాతకాపులు. అసలీ వాగు ఇక్కడికి ఎప్పుడొచ్చిందండీ?"

శేషాద్రి నోరు తెరిచాడు. పెద్దాయన తడిసి వణుకుతున్నాడని ఎవరో శాలువా కప్పారు.

అది వెచ్చగా ఉంది. ఆయన నోరు మూసుకున్నాడు.